ఇవాళ గుంజను ముట్టుకోలేదు

సెప్టెంబరు 3, ఆదివారం

ఈ నోట్‌బుక్కు మా అమ్మాయి అబీది. మొదటి పదకొండు పేజీలు తన చేతిరాత. ఇంగ్లీషు, కొలతలు, బాణం గుర్తులు. పన్నెండో పేజీ నుంచి ఖాళీ. ఖాళీగా వదిలేయడం నాకిష్టం లేదు. నేను చదివింది ఐదో తరగతి, అదీ మా ఊరి దగ్గర కెనడా మిషనువాళ్లు కట్టిన బళ్లో. తప్పులుంటే ఉంటాయి. నా తప్పులు దిద్దే మనిషి మే పదకొండున వెళ్లిపోయింది.

ఇవాళ షెర్లీ గుడికి, అదే ఇక్కడి తెలుగువాళ్ల చర్చికి, తీసుకెళ్లింది. షెర్లీ మా అన్నయ్య కూతురు, ఇక్కడ కెనడాలో మిల్టన్ అనే ఊళ్లో ముసలివాళ్లను చూసుకునే హోములో పని. నేను ఉండేది వాళ్లింట్లోనే. ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర కాంతం గారు నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లని కంప్యూటర్లు చదివించాల్సింది వదినా. ఆడపిల్లకి అడవుల్లో తిరిగే చదువేంటి?"

"మా పిల్ల అడవిలో పోలేదండి. రోడ్డు మీద పోయింది. కంప్యూటర్లు చదివినవాళ్లు కూడా ఆ రోడ్డు మీదే వెళ్తున్నారు" అన్నాను.

ఆవిడ చెయ్యి వదిలేసింది. కారులో షెర్లీ, "అత్తా, మొహం మీద అలా అనేస్తే ఎలా?" అంది.

"మరి ఎక్కడ అనాలే?" అన్నాను.

సెప్టెంబరు 5, మంగళవారం

గుంజను చూశాను.

వర్షిణి తీసుకెళ్లింది. అబీతో కలిసి చదివిన పిల్ల, కరీంనగర్ వైపు. ఇద్దరికీ ఒకే ప్రాజెక్టు. వెర్నా అనే పెద్దావిడ పొలంలో వారానికి మూడు రోజులు కోళ్లకు మేత వేసి, గుర్రాల కొట్టం శుభ్రం చేస్తుంది. పెద్ద రోడ్డు ఎక్కితే పది నిమిషాల్లో చేరతామట. ఎక్కలేదు. నేను అడగలేదు, తనూ చెప్పలేదు. చిన్న రోడ్ల మీద చుట్టూ తిప్పి తీసుకెళ్లింది. నాలుగు వందల ఒకటి అనే అంకె మేమిద్దరం పలకం. పనికి వెళ్తున్న అబీ కారును లారీ గుద్దింది ఆ రోడ్డు మీదే. ఇంతకంటే రాయను.

వెర్నాను చూడగానే నా నోట్లోంచి "దొరసాని" అని వచ్చేసింది. మా మిషను కాంపౌండులో తెల్లావిడ కనబడితే మేం అదే అనేవాళ్లం. డెబ్బై ఎనిమిదేళ్లు, రబ్బరు బూట్లు, గోళ్ల నిండా మట్టి. దొరసానికి అంత మట్టి ఉండదు. అయినా నాకు దొరసానే.

గడ్డి కోసేసిన పొలం, పది ఎకరాల పైనే ఉంటుంది. నాలుగు పక్కలా దూరంగా అడవి. పొలం నడిమధ్యలో ఒక్క గుంజ. నా కంటే జానెడు ఎత్తు. బెరడు తీయలేదు. సీడర్ అంటే ఏంటని అడిగితే వర్షిణి ఫోన్‌లో వెతికి దేవదారు అంది. గుళ్లో వాక్యం చదివేటప్పుడు వినడమే తప్ప దేవదారును నేనెప్పుడూ చూడలేదు. మా పిల్ల దాన్ని నేలలో పాతిందన్నమాట.

చలికాలం ముందు మగ దుప్పులు కొమ్ములను చెట్లకేసి రుద్దుతాయి. కొమ్ముల మీది తోలు రాల్చుకోవడానికి కొంత, నుదుటి వాసన అంటించి "నేనున్నాను" అని మిగతావాటికి చెప్పడానికి కొంత. అడవిలో ఏది ఏ చెట్టుకు రుద్దుతుందో ఎవరికి తెలుస్తుంది? అదే బోసి పొలంలో ఒక్క గుంజ పాతితే అన్నీ దాని దగ్గరికే వస్తాయి. ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే కెమెరా పక్కన పెడితే ఏవి వచ్చాయో, ఎన్ని వచ్చాయో లెక్క దొరుకుతుంది. ఇదీ అబీ వాదన. అడవి అంచున చెట్లు చాలు అని టీచరు అన్నాడట. ఇది వినలేదు. ఏప్రిల్‌లో మన్ను మెత్తబడగానే పాతేసింది.

"మస్తు జిద్దు ఆంటీ దానికి" అంది వర్షిణి.

"ఎవరి పోలికో మరి" అన్నాను. ఇద్దరం నవ్వాం. పొలంలో నవ్వు చాలా దూరం వెళ్తుంది.

నాకు వీసా పెట్టింది కూడా అబీయే. "దుప్పులొచ్చే టైముకు రా అమ్మా, చూపిస్తా" అంది. వీసా జూలైలో వచ్చింది. అప్పటికి సమాధి మీద సున్నం తడి కూడా ఆరలేదు. ఇంకెందుకు వెళ్లడం అన్నారు అందరూ. వీసా మీద నా పేరుంది. వచ్చాను.

వెర్నా తమ్ముడి కొడుకు డేల్ ఈ పొలం చూస్తాడు, విల్లుతో వేట కూడా చేస్తాడు. గుంజను చూసి నవ్వాడు. దుప్పి పట్టపగలు నడిపొలంలోకి రాదు, నవంబరు ముప్పైన పొలం దున్నిస్తాను, అప్పుడు పీకేస్తాను అన్నాడు. ఈలోపు ఒక్క మగ దుప్పి వచ్చి రుద్దినా ఉంచేద్దాం అంది వెర్నా. నా తిరుగు టిక్కెట్టు డిసెంబరు రెండు.

ఒక్కటి రావాలి. ఒక్కటి వస్తే మా పిల్ల మాట నిలబడుతుంది.

వచ్చేటప్పుడు వర్షిణి గట్టిగా చెప్పింది. "గుంజ దగ్గరికి పోవద్దు ఆంటీ. మనిషి వాసన తగిలితే అవి రావు. ముట్టుకోనే ముట్టుకోవద్దు."

సరే అన్నాను.

సెప్టెంబరు 8, శుక్రవారం

ఇవాళ గుంజను ముట్టుకోలేదు.

సెప్టెంబరు 12, మంగళవారం

ముట్టుకోలేదు. వర్షిణి కొట్టంలో పనిలో ఉంటే నేను వరండాలో కూర్చున్నాను. దొరసాని టీ ఇచ్చింది. పాలు వేరే, చక్కెర వేరే, కలుపుకోవడం మన పని.

సెప్టెంబరు 15, శుక్రవారం

ముట్టుకోలేదు.

షెర్లీ వంటింట్లోంచి కేకేసింది. "అత్తా, కొబ్బరినూనె సీసా మొన్నే తెచ్చా కదా, అప్పుడే సగమైందేంటి?"

ఇక్కడి గాలికి తల ఎండిపోతోంది అన్నాను.

సెప్టెంబరు 19, మంగళవారం

ఆయన ఫోన్ చేశారు. సమాధి రాయి చెక్కేవాడు అడుగుతున్నాడట, పేరు కింద ఏం రాయాలని. పూర్తికాని చదువు రాయించొద్దంటున్నారట సంఘంలో పెద్దలు.

"ఆగమనండి" అన్నాను.

"ఎన్నాళ్లు ఆగమనను రూపా? సమాధి ఇక్కడుంటే నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?"

"సమాధి మీరు చూసుకోండి. అది పాతింది ఒకటి ఇక్కడుంది, దాన్ని నేను చూసుకుంటా."

చలికి స్వెట్టర్ వేసుకుంటున్నావా అని అడిగారు. వేసుకుంటున్నాను అన్నాను. అబీ స్వెట్టర్, గోధుమరంగుది. అది చెప్పలేదు.

గుంజను ముట్టుకోలేదు.

సెప్టెంబరు 26, మంగళవారం

ముట్టుకోలేదు. బియ్యం కడిగిన నీళ్లు ఎందుకు సీసాలో పోస్తున్నావని షెర్లీ అడిగింది. పూలమొక్కలకు అన్నాను. "మనకు పూలమొక్కలెక్కడివి అత్తా?" అంది.

పిల్లకు అన్నీ కావాలి.

అక్టోబరు 3, మంగళవారం

ఇంకా ఏదీ రాలేదు. డేల్ ట్రాక్టరు మీద వెళ్తూ గుంజ వైపు చూసి నాకు చెయ్యి ఊపాడు. మర్యాదకే ఊపి ఉంటాడు. నేను ఊపలేదు.

అక్టోబరు 10, మంగళవారం

కెమెరా కార్డు తీశారు.

కార్డు నెలకోసారి తీయాలని అబీ ఈ నోట్‌బుక్కులోనే రాసుకుంది. వర్షిణి ఇన్నాళ్లూ తీయలేదు. మే తర్వాత బ్యాటరీలు మార్చిందట, కార్డు మాత్రం తాకలేదట. "అందులో ఏముంటదో నాకు తెల్సు ఆంటీ. అందుకే ధైర్యం రాలే." ఇవాళ ఇద్దరం ఉన్నాం కదా అని తీసింది. దొరసాని వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టారు. నిన్న పండగట, గుమ్మడికాయతో చేసిన తీపి మిగిలితే నాకూ ఒక ముక్క పెట్టింది. డేల్ తలుపు దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు.

మొదటి ఫొటోలో ఒక బూటు. రెండో దాంట్లో అబీ మొహం. మరీ దగ్గరగా, ముక్కు పెద్దదిగా, జుట్టులో దేవదారు ఆకు. మూడో దాంట్లో నాలుక బయటపెట్టింది. మొత్తం తొమ్మిది. ఏప్రిల్ ఇరవై ఏడు, మధ్యాహ్నం. చివరిదాంట్లో గుంజను రెండు చేతులా వాటేసుకుని, చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఉంది.

"కదుల్తుందా లేదా అని చూసింది" అంది వర్షిణి. తర్వాత లేచి వెళ్లి సింకు దగ్గర నీళ్లు వదిలి నిలబడింది. గిన్నెలేం లేవు అక్కడ.

నేను ఏడవలేదు.

తర్వాత గడ్డి. వాన. అడవికోళ్లు. ఒక నక్క. డేల్ ట్రాక్టరు. మళ్లీ గడ్డి.

తర్వాత సెప్టెంబరు ఎనిమిది. గోధుమరంగు స్వెట్టర్ వేసుకున్న మనిషి. గుంజకు అరచేత్తో నూనె రాస్తోంది. పన్నెండో తారీఖు, అదే మనిషి. పదిహేను, కింద కూర్చుని నుదురు ఆనించింది. పంతొమ్మిది. ఇరవై ఆరు, గుంజ మొదట్లో సీసాతో నీళ్లు పోస్తోంది. ఒకదాంట్లో రెండు చేతులా వాటేసుకుని చెంప ఆనించి ఉంది. అబీ ఫొటోలాగే. కోణం కూడా అదే.

నేను తీపి ముక్క వైపు చూస్తూ కూర్చున్నాను.

దొరసాని ఏదో అంది. వర్షిణి సింకు దగ్గర్నుంచే చెప్పింది. "నెలలో పదకొండు సార్లు వచ్చిన జంతువు నువ్వొక్కదానివే అంటున్నది ఆంటీ." దొరసాని నా చేతి మీద చెయ్యి వేసి నవ్వింది. నేను నవ్వలేదు.

తర్వాత ఇంకో ఫొటో. సెప్టెంబరు ఇరవై మూడు, తెల్లవారే వేళ. మగ దుప్పి. కొమ్ములు చెట్టుకొమ్మల్లా ఉన్నాయి. గుంజకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి ముక్కు పైకెత్తింది. తర్వాతి ఫొటోలో తోక తెల్లగా పైకి లేచింది. దాని తర్వాతి ఫొటోలో ఏమీ లేదు.

అలా నాలుగు సార్లు వచ్చింది. నాలుగు సార్లూ వెనక్కి తిరిగింది.

డేల్ ఏదో అన్నాడు. వర్షిణి చెప్పలేదు.

"ఏమన్నాడు?"

"ఏం లేదాంటీ."

"ఏమన్నాడో చెప్పవే."

"కర్ర వంటింటి వాసన కొడుతుందట. ఇంక దుప్పి రాదట. కొత్తది పాతుతా అంటుండు."

లేచాను. "నా పిల్ల పాతింది. నేను ముట్టుకోకూడదా? అన్నింటికీ పనికొచ్చాను, దానికి అన్నం పెట్టడానికి పనికొచ్చాను, ఫీజు కట్టడానికి పనికొచ్చాను, దాని గుంజ ముట్టుకోవడానికి పనికిరానా? వస్తే రానీ, పోతే పోనీ, దిక్కుమాలిన దుప్పి!" అన్నాను. తెలుగులోనే అన్నాను. డేల్‌కు అర్థమైనట్టే ఉంది, కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

అక్టోబరు 11, బుధవారం

నేనే తరిమాను.

అక్టోబరు 12, గురువారం

అబీ నోట్‌బుక్కులో అబద్ధం రాశాను. అన్ని రోజులూ. నా ఒక్కదానికే రాసుకునే దాంట్లో కూడా.

కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టలేదు. ఉండనీ.

అక్టోబరు 13, శుక్రవారం

వర్షిణి ఇంటికి వచ్చింది. అబీ రాసిన ప్రాజెక్టు కాగితం తెచ్చింది. మొదటి పేజీ చదివి తెలుగులో చెప్పింది. చెబుతుంటే నేను రెండుసార్లు ఆపించాను.

"మా అమ్మ పెరట్లో గేదెలు గోడకు ఒళ్లు రుద్దుకుని గోడ కూల్చేసేవి. అమ్మ పెరటి మధ్యలో తాటిదుంగ ఒకటి పాతింది. నెల తిరిగేలోపు మా గేదెలే కాదు, వీధిలో గేదెలన్నీ ఆ దుంగ దగ్గరికే వచ్చేవి. చుట్టూ ఇంకేమీ లేనప్పుడు జంతువు ఒక్కదాన్ని ఎంచుకుంటుందని నేను నేర్చుకున్నది అక్కడ."

మా అమ్మ అని రాసింది. కాలేజీ కాగితం మీద. టీచరు చదివే కాగితం మీద.

ఆ దుంగ పాతిన రోజు నాకు గుర్తుంది. ఆయన ఊళ్లో లేరు, బూడిదరంగు గేదె గోడను మూడోసారి కూల్చింది. గునపం పట్టుకుని నేనే గొయ్యి తవ్వాను. అబీకి ఏడేళ్లు, మట్టి ఎత్తి పోస్తానని తట్ట పట్టుకుంది. మొదట్లో గేదెలు దుంగ వైపు చూడలేదు. అప్పుడు కుడితి నీళ్లు పోశాను, గేదె మెడకు రాసే ఆముదం దానికీ పూశాను. మర్నాటి నుంచి వచ్చాయి.

ఆ లెక్కనే ఇక్కడ కొబ్బరినూనె రాశాను, బియ్యం నీళ్లు పోశాను. ఇప్పుడు తెలిసింది. అక్కడ గేదెకు గేదె వాసన పెట్టాను. ఇక్కడ దుప్పికి నా వాసన పెట్టాను.

"ఆంటీ, డేల్ కొత్త గుంజ పాతుతా అంటుండు కదా, పాతనీయండి. ఏమైతది?"

"కొత్తది డేల్ గుంజ అవుతుంది. రిపోర్టులో ఎవరి పేరు రాస్తావు?"

"మా ఇద్దరి పేర్లే" అంది. "అయితే పాత గుంజే" అన్నాను.

అక్టోబరు 17, మంగళవారం

ఇవాళ గుంజను ముట్టుకున్నాను. రబ్బరు తొడుగుల్తో.

పొద్దున్నే వెళ్లి డేల్‌నే అడిగాను. దుప్పి వాసన ఎక్కడ దొరుకుతుంది? వర్షిణి ఇంగ్లీషులోకి మార్చింది. అతను నా మొహం చూసి, తర్వాత దొరసాని మొహం చూశాడు. దొరసాని గడ్డం ఎగరేసింది, చూపించు అన్నట్టు.

అడవి అంచున ఒక కొమ్మ కింద నేల గీరి ఉంది, కోడి గీరినట్టు, కానీ వెడల్పుగా. దుప్పి కాళ్లతో గీరి, అందులో ఉచ్చ పోసి, పైన కొమ్మను నోటితో నమిలి వెళ్తుందట. మిగతా దుప్పులు వచ్చి చదువుకుంటాయి. మా వీధి చివర టీ కొట్టు లాంటిదన్నమాట, ఎవరొచ్చారు, ఎవరు పోయారు అన్నీ అక్కడే.

డేల్ రబ్బరు బూట్లు, రబ్బరు తొడుగులు, ఒక బకెట్టు ఇచ్చాడు. వంటసోడా డబ్బా కూడా ఇచ్చాడు. సోడా కలిపిన వాననీటితో గుంజను రెండుసార్లు కడిగాను. నా నూనె నేనే కడిగాను. తర్వాత ఆ మన్ను తెచ్చాను.

వర్షిణి ముక్కు మూసుకుంది. "అయ్యో ఆంటీ, యాక్!"

యాక్ ఏంటే? ముప్పై ఏళ్లు పేడ తొక్కాను. గోడ నిండా పిడకలు కొట్టాను. ఆ మన్నును కూడా పిడక కొట్టినట్టే కొట్టాను, కింది నుంచి పైకి, ఛెత్ ఛెత్ మని. చెయ్యి మర్చిపోలేదు. డేల్ నోరు తెరుచుకుని చూశాడు. ఏదో అన్నాడు. ఈసారి అడగకుండానే చెప్పింది వర్షిణి. "ఇట్ల ఎవరూ చేయంగ చూడలేదట."

"మా ఊరు రమ్మను" అన్నాను.

ఇంటికొస్తే షెర్లీ తలుపు దగ్గరే ఆపేసింది. "అత్తా! గరాజ్‌లోనే ఉండు! లోపలికి రాకు! ఏం వాసన ఇది!"

"మగ దుప్పి ఉచ్చ" అన్నాను.

ఇక నుంచి దొరసాని వంటింటి కిటికీ దాటి వెళ్లను. అబీ, నీ నోట్‌బుక్కులో రాస్తున్నాను.

అక్టోబరు 20, శుక్రవారం

వెళ్లలేదు. వాన.

అక్టోబరు 24, మంగళవారం

వెళ్లలేదు. ఇది నిజం.

అక్టోబరు 31, మంగళవారం

వెళ్లలేదు. కిటికీలోంచి చూశాను. అగ్గిపుల్లంత కనబడుతుంది. వెళ్లినప్పుడు కాళ్లు నొప్పి పుట్టేవి. వెళ్లకపోతే ఇంకెక్కడో పుడుతోంది.

నవంబరు 4, శనివారం

దాని పుట్టినరోజు. ఇరవై నాలుగు.

వర్షిణికి ఇవాళ పని లేదు, అయినా కారు తెచ్చింది. నేను అడగలేదు. కంచె దాకా వెళ్లాను. అక్కడే నిలబడ్డాను. కిటికీ దాటనని రాశాను, దాటాను. అదీ రాస్తున్నాను. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. స్వెట్టర్ జేబులో ఎండిన దేవదారు ఆకు దొరికింది, ఏప్రిల్ నాటిది.

కంచె దాటలేదు.

నవంబరు 10, శుక్రవారం

కార్డు తీశారు. రెండు ఆడ దుప్పులు వచ్చాయి. వాసన చూసి, గుంజ చుట్టూ తిరిగి వెళ్లాయి. పారిపోలేదు.

ఆడవి వస్తే లెక్కలోకి రాదు అన్నాడు డేల్.

"ముందు ఆడవాళ్లే వచ్చి చూస్తారు. పెళ్లిచూపులకైనా అంతే అని చెప్పు" అన్నాను. వర్షిణి చెప్పింది. దొరసాని బల్ల మీద కొట్టి మరీ నవ్వింది. డేల్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, మొదటిసారి ఆ వంటింట్లో.

ఇంక ఆఖరి రోజు దాకా కార్డు తీయొద్దన్నాను. ఎవరి కాలూ పడకూడదు.

నవంబరు 19, ఆదివారం

గుళ్లో కాంతం గారు, "అక్కడ ఏదో కర్రకి పూజలు చేస్తున్నావంట కదా వదినా, మన విశ్వాసానికి అది తగునా?" అంది.

"పూజ కాదండి, ఉచ్చ పూశాను" అన్నాను.

షెర్లీ నన్ను ఆపడానికి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నవంబరు 28, మంగళవారం

మంచు పడింది. మొదటిసారి చూశాను. అబీ వీడియోల్లో చూపించేది.

డేల్ ట్రాక్టరుకు నాగలి తగిలించి పెట్టాడు. అది అక్కడే ఉంది, కొట్టం ముందు. ఇంకా రెండు రోజులు.

ఏదీ రాకపోతే? రాకపోతే నేను ఆ గుంజ ముందు పడుకుంటాను, నన్ను కూడా దున్నమను. షెర్లీతో అదే అన్నాను. "వీసా ఎక్స్‌టెన్షన్ అప్లై చేద్దామా అత్తా?" అంది మెల్లగా. వద్దన్నాను. ఉండిపోవడం కాదు నాక్కావలసింది.

నవంబరు 30, గురువారం

అందరం ఉన్నాం. దొరసాని, డేల్, వర్షిణి, నేను. షెర్లీ సెలవు పెట్టి వచ్చింది, ఆ వాసన ఏంటో చూస్తానని.

కార్డు పెట్టారు. గడ్డి. వాన. ఆడ దుప్పులు మళ్లీ. గడ్డి. డేల్ గడియారం చూసుకున్నాడు.

నవంబరు 22, పొద్దున ఆరు యాభై ఒకటి.

పొగమంచులో దుప్పి తల. తర్వాతి ఫొటోలో మొత్తం దుప్పి, గుంజకు మూరెడు దూరంలో. తర్వాత ముక్కు గుంజకు ఆనించింది. తర్వాత తల వంచింది. ఆ తర్వాత ఇరవై ఏడు ఫొటోలు కొమ్ములే. మెడ బిగబట్టి, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. బెరడు పీచులు పీచులుగా లేచింది. లోపలి చెక్క లేతగా బయటపడింది, గంధం చెక్క అరగదీసినట్టు. చివర్లో కొమ్ములు పక్కకు తిప్పి నుదురు ఆనించింది. అలా చాలాసేపు నిలబడింది. కెమెరా నాలుగుసార్లు తీసింది, నాలుగింట్లోనూ అలాగే ఉంది.

అబీ చెంప ఆనించిన చోట. నేను నుదురు ఆనించిన చోట.

తర్వాత ఇరవై ఐదున ఇంకోటి, కొమ్ము ఒకవైపు విరిగింది. ఇరవై ఏడున మూడోది, చిన్నది, కొత్తగా కొమ్ములొచ్చిన కుర్రది. మూడూ వేరు వేరు. అన్నీ ఆ ఒక్క గుంజకే.

"మూడు" అంది వర్షిణి. వేళ్లు చూపించింది నాకు, నాకు లెక్క రానట్టు. ఏడుస్తోంది. "మూడు ఆంటీ. అది రాసినట్టే."

డేల్ కంప్యూటరు మీదికి వంగి మొదటి దుప్పి కొమ్ముల కొనలు లెక్కపెట్టాడు. ఎనిమిది అన్నాడు. దొరసాని వేలెత్తి కిటికీలోంచి పొలం చూపించి ఒక్క మాటే అంది. షెర్లీ చెప్పింది. "దున్నేటప్పుడు దాని చుట్టూ తిప్పుకోమంటోంది అత్తా."

నేను డేల్‌తో మాట్లాడాలన్నాను. "నీ వేట నీ ఇష్టం, నీ తిండి నీది. నేను పక్కింటి మనిషిని కూడా కాదు. కానీ ఆ గుంజ దగ్గర కొట్టొద్దు. పలకరించుకోవడానికి వచ్చినవాణ్ని కొట్టడం ఏ ఊళ్లోనూ మర్యాద కాదు." వర్షిణి మొత్తం చెప్పింది, ఏదీ మింగలేదు.

డేల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే?" అన్నాను.

"సరేనని, ఆంటీ."

ఇంటికొచ్చి ఆయనకు ఫోన్ చేశాను. రాయి మీద రాయించండి అన్నాను.

"ఏమని?"

"చదువు పేరు మొత్తం రాయించండి. పూర్తికాలేదని ఎవడైనా అంటే నా దగ్గరికి పంపండి."

డిసెంబరు 2, శనివారం

విమానాశ్రయంలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున వర్షిణి చివరిసారి పొలానికి తీసుకెళ్లింది. దున్నేశారు. పది ఎకరాలూ నల్లగా తిరగబడి ఉంది, మధ్యలో గుంజ చుట్టూ మాత్రం గడ్డి గుండ్రంగా మిగిలింది. డేల్ మూడు బారలు వదిలాడు. ఒక్క బార చాలు అని ఎవరూ చెప్పలేదేమో అతనికి.

"ఇప్పుడు పోవచ్చు ఆంటీ" అంది వర్షిణి. "రిపోర్టు అయిపోయింది. ముట్టుకోండి, ఏం కాదు."

కంచె దగ్గర నిలబడ్డాను. దొరసాని తన బైనాక్యులర్స్ తెచ్చి నా కళ్లకు పెట్టింది. లేత చెక్క ఎండకు మెరుస్తోంది. బెరడు పీచు గాలికి ఊగుతోంది. వాటి కాలం ఇంకా పూర్తికాలేదు. నాలుగోది దారిలో ఉందేమో.

"పద" అన్నాను.

దొరసాని నన్ను గట్టిగా పట్టుకుంది. ఆవిడ దగ్గర కొట్టం వాసన వచ్చింది. నా దగ్గర ఏ వాసన వచ్చిందో ఆవిడకే తెలియాలి.

విమానాశ్రయానికి షెర్లీ కారు తీసింది. చిన్న రోడ్లలో వెళ్తే గంట పైన పడుతుంది, తొందరగా బయల్దేరదాం అంది.

"పెద్ద రోడ్డే ఎక్కు" అన్నాను.

"అత్తా..."

"నాలుగు వందల ఒకటి ఎక్కు."

ఎక్కింది. రెండు వైపులా లారీలు. నేను కళ్లు మూసుకోలేదు. నా కళ్ల ముందు నుంచే వెళ్లమను, ఎన్ని వెళ్తాయో వెళ్లమను. షెర్లీ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుంది. రెండు చేతులా నడపవే అని తిట్టాను.

పిలుస్తున్నారు. ఈ పేజీతో ఆపేస్తాను. ఇంకా ఖాళీ పేజీలున్నాయి, అవి వర్షిణికి ఇవ్వాల్సింది, మర్చిపోయాను. కాదు, మర్చిపోలేదు. ఇవ్వలేదు.

ఇవాళ గుంజను ముట్టుకోలేదు. నమ్మకపోతే కెమెరా చూసుకో, అబీ.